కుప్పం ఎన్ని అక్షరాలు?

'కుప్పం' అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయని రెండవ తరగతి పిల్లవాణ్ణి అడిగితే రెండంటాడు. ఛందస్సు చదివినవారు ఆ రెండూ గురువులేనని కూడా చెబుతారు. యంత్రాన్ని అడిగితే మాత్రం ఆరంటుంది. క, కొమ్ము, ప, పొల్లు, మరల ప, సున్న: 1991 నుండి యూనికోడ్‌లో వీటిలో ప్రతిదానికీ ఒక సంకేతముంది. ఆ లెక్కన మదనపల్లె, పుంగనూరు చెరి ఎనిమిది.

ఇది పండితుల కాలక్షేపమే అయితే వదిలివేయవచ్చును. కాని దరఖాస్తులన్నీ అంతర్జాలానికి ఎక్కినాక, పేరు వ్రాసే ప్రతి గడి దగ్గరా ఒక కావలివాడు నిలబడ్డాడు. పుంగనూరులో ఒక నెట్ సెంటర్‌లో నా పూర్వ విద్యార్థిని తన కూతురి ఉపకారవేతనానికి దరఖాస్తు నింపిస్తున్నది. అమ్మాయి పేరు రమ అనుకోండి. "పేరు కనీసం మూడక్షరాలు ఉండవలెను" అని ఎర్రగా పడింది. కుర్రవాడు చురుకైనవాడు, చివర దీర్ఘమిచ్చి 'రమా' చేయగానే తలుపు తెరుచుకున్నది! పలికేది ఇప్పటికీ రెండక్షరాలే, సంకేతాలు మూడైనవి. "అయివారూ, బిడ్డ పేరు మార్చల్లా?" అని ఆమె బెదిరిపోయి అడిగింది. బడి ధ్రువపత్రంలో ఉన్నది రమ. రేపు రెండూ సరిపోలకపోతే తిరగవలసింది ఆ పిల్లే. దీర్ఘం తీయించి, ఇంగ్లీషు లిపిలో నింపించాను. తెలుగు గడిలో తెలుగు పేరు పట్టకపోవడం నాకిప్పటికీ మింగుడు పడదు.

ఆ కావలివాడికి పాఠం చెప్పడం కష్టమేమీ కాదు. అచ్చులూ హల్లులూ యూనికోడ్‌లో 'అక్షరం' అనే వర్గం. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న 'చిహ్నం' అనే వేరే వర్గం. మొదటి వర్గాన్ని మాత్రమే అనుమతించే నియమం వ్రాస్తే కుప్పం కొమ్ము దగ్గరే ఆగిపోతుంది. రెండు వర్గాలనూ రానివ్వాలి. 'రాజ్‌కుమార్'లో ఒత్తు పడకుండా ఆపే కనబడని సంకేతాన్ని కూడా. పొడవు కొలవాలంటే సంకేతాలను కాక, వాటి గుచ్ఛాలను లెక్కించే పద్ధతి ఉంది. అదీ చాలాకాలం కుప్పాన్ని కు, ప్, పం అని మూడుగా చీల్చింది. సంయుక్తాక్షరాన్ని ఒకటిగా పట్టే సూత్రం 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. మన బడిపిల్లవాడి లెక్కకు యంత్రం చేరడానికి ముప్పై రెండేళ్లు!

జావాస్క్రిప్ట్‌లో సెట్‌కస్టమ్‌వాలిడిటీ అనే ఏర్పాటుతో తప్పును మన మాటల్లోనే చెప్పవచ్చును. పేరు సరిదిద్దగానే ఆ సందేశాన్ని ఖాళీ చేయాలి. లేకుంటే సరైన పేరునూ గడి తప్పుగానే పట్టుకొని కూర్చుంటుంది.

పిన్‌కోడ్ సంగతి సులువు: ఆరంకెలు, మొదటిది సున్న కారాదు. మదనపల్లెవారు 517325ను ౫౧౭౩౨౫ అని తెలుగంకెలలో వ్రాస్తే తిప్పిపంపక, మార్చుకొని పుచ్చుకోవచ్చును. ఇక ఇంటిపేరు గడి. తమిళ దేశపు అంచున ఉన్న కుప్పం వైపు, తండ్రి పేరులోని పొడి అక్షరమే తప్ప ఇంటిపేరు వాడనివారున్నారు. అక్కడ ఏ నియమమూ వద్దు, ఖాళీగా వదలనిస్తే చాలు.