కిండర్‌గార్టెన్ వారం: బిడ్డ శరీరం రాసే ప్రోగ్రెస్ కార్డు



దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో స్తంభాల వెంట నడిచి చూడండి. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు దాటే లోపల ఎన్ని కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయో లెక్కపెట్టలేము. అదే రహదారి నుండి ఏదో ఒక కాలనీలోకి తిరిగితే, గోడలపై ఏనుగులు, సీతాకోకచిలుకలు గీసిన ప్లేస్కూళ్ళు ఎదురవుతాయి. ఆ రెండు బోర్డుల మధ్య దూరం వంద గజాలే. బోధన విషయంలో ఆ దూరం కూడా క్రమంగా తగ్గిపోతున్నదనే ఆందోళనతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా మనవరాలు ఎల్.కె.జి. చదువుతున్నది. ప్రతి శనివారం సాయంత్రం వచ్చే వారపు ప్రణాళికను కోడలు నాకు చూపిస్తుంది. ఒక ఆంగ్ల అక్షరం, పది అంకెలు, ఒక రైమ్, బుధవారం పసుపు రంగు దుస్తులు, శుక్రవారం ఒక పండు, మూడు పేజీల హోంవర్క్. బిడ్డ ఏమి నేర్చుకోవాలో అందులో స్పష్టంగా ఉంటుంది. ఎంతసేపు ఆడింది, ఎన్ని నీళ్ళు తాగింది, ఎవరితో స్నేహం చేసింది అనే వాటికి మాత్రం అందులో గడి ఉండదు. ఆ లేని గడులను గురించి వైద్యునిగా నాలుగు మాటలు చెబుతాను.

సోమవారం కడుపునొప్పి

మా కాలనీలోని ఒక యువ దంపతులు కొంతకాలం క్రితం తమ నాలుగేళ్ళ పాపను తీసుకువచ్చారు. "డాక్టరు గారూ, ఆదివారం బాగానే ఆడుతుంది. సోమవారం బడి వ్యాను వచ్చే వేళకు కడుపునొప్పి అంటుంది. నటిస్తున్నదేమోనని మా అనుమానం" అన్నారు. పిల్లల వైద్యుని వద్ద చేయించిన మూత్ర పరీక్షలో దోషమేమీ లేదు. పాప పొట్టను తాకి చూస్తే ఎడమవైపు కింది భాగంలో గట్టిగా తగిలింది. అది మలబద్ధకం. వాటర్ బాటిల్ సంగతి అడిగాను. "నింపి పంపినట్లే తిరిగి వస్తుందండీ" అన్నది తల్లి. నీళ్ళు ఎందుకు తాగవమ్మా అని పాపను అడిగితే, "తాగితే బాత్రూంకి వెళ్ళాలి. అక్కడ చీకటి, తాతయ్యా" అన్నది.

పాప నటించడం లేదు. బాత్రూంకు వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానింది. నీళ్ళు తగ్గి, మలాన్ని బిగబట్టడం అలవాటై, కడుపునొప్పి వచ్చింది. ఈ వయసు పిల్లల్లో ఇది చాలా సాధారణం. చికిత్సగా కొద్ది రోజులు మందు ఇచ్చి, నీళ్ళు, పండ్లు, ఆకుకూర పప్పు పెంచమన్నాను. ఉదయం ఫలహారం తరువాత పాదాలు పీట మీద ఆనేటట్లు ఐదు పది నిమిషాలు టాయిలెట్‌పై కూర్చోబెట్టమన్నాను. తల్లి వెళ్ళి టీచరుతో మాట్లాడింది. బాత్రూంలో బల్బు మార్చారు, ఆయా తోడు వెళ్ళడం మొదలుపెట్టింది. కొన్ని వారాలలో సోమవారం కడుపునొప్పి మాయమైంది.

అయితే ప్రతి కడుపునొప్పీ ఇలాంటిదే అనుకోకండి. నిద్రలో లేపే నొప్పి, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, మూత్రంలో మంట, బరువు తగ్గడం వంటి లక్షణాలలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుని చూపించాలి.

చేయి సిద్ధమయ్యే వరుస

నర్సరీలో స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్ అంటూ పేజీలకు పేజీలు రాయిస్తారు. బిడ్డ రాయకపోతే బద్ధకం అంటారు. ఒక్కసారి శరీర ధర్మం చూడండి. పిల్లలు ఎదురుగా ఉన్న బొమ్మను చూసి గీయడానికి ఒక క్రమం ఉన్నది. సుమారు 3 ఏళ్ళకు వృత్తం, 4 ఏళ్ళకు కూడిక గుర్తు, నాలుగున్నరకు చతురస్రం, 5 ఏళ్ళకు త్రిభుజం గీయగలుగుతారు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది ఏటవాలు గీత. ఇంగ్లీషు అక్షరమాలలో మొదటిదైన 'ఎ' అక్షరం రెండు ఏటవాలు గీతలతోనే మొదలవుతుంది! మూడేళ్ళ బిడ్డ దానిని వంకరగా రాస్తే లోపం బిడ్డది కాదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థి రూపంలోనే ఉంటాయి. నాలుగేళ్ళ బిడ్డకు ఎక్స్‌రే తీస్తే వాటిలో దాదాపు సగం మాత్రమే ఎముకగా కనిపిస్తాయి. రాతకు ఎముక ఒక్కటే ఆధారం కాదు. భుజం, మోచేయి, వేళ్ళ కండరాలు, కన్ను, మెదడు కలిసి పనిచేయాలి. ఆ కలయికను పెంచేది ఆట. చపాతీ పిండి పిసకడం, కాగితం చింపి అంటించడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, బఠాణీలు వలవడం వేళ్ళకు వ్యాయామం. ఊయల పట్టుకుని వేలాడటం, బంతి విసరడం భుజానికి బలం.

మన పెద్దలు అక్షరాభ్యాసంలో పళ్ళెంలో బియ్యం పరచి వేలితో దిద్దించడంలో ఎంత ఔచిత్యమున్నదో గమనించండి. పట్టు బిగించవలసిన పెన్సిలు లేదు, దాటకూడని గీతలు లేవు. బియ్యంలో, ఇసుకలో వేలు పెద్దగా, స్వేచ్ఛగా కదులుతుంది. బాసరలో ఒక్క రోజు చేయించే ఆ పనినే ఇంట్లో వారానికి మూడు రోజులు ఆటగా చేయించండి.

ఆ పేరు ఎందుకు పెట్టారు?

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక ఆటపాటల కేంద్రం ప్రారంభించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. మొక్కను లాగి పొడుగు చేయలేము గదా! 1907లో రోమ్‌లోని ఒక పేదవాడలో పిల్లల గృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి మా వృత్తికి చెందిన వైద్యురాలే. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. పిల్లవాడు చేతులతో నేర్చుకుంటాడనేది ఆమె సిద్ధాంతం.

మన ప్రభుత్వ విధానం కూడా ఇదే చెబుతున్నది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుండి 8 ఏళ్ళ వయసును ఒకే పునాది దశగా భావించి, ఆటల ద్వారా విద్యను సూచించింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం ప్రకారం 3 నుండి 6 ఏళ్ళ పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు అక్కరలేదు. కనుక హోంవర్కు తగ్గించమని అడగటానికి సంకోచించకండి. టీచరుతో తగవు పెట్టుకోనక్కరలేదు. ఎక్కువ రాయించమని ఒత్తిడి తెచ్చే తల్లిదండ్రుల మధ్య ఆమె కూడా నలుగుతున్నది. మీలాంటి ఇద్దరు ముగ్గురు అడిగితే ఆమెకూ ధైర్యం వస్తుంది.

నిద్ర, ఆట, టిఫిన్ డబ్బా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం 3, 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర, కనీసం 3 గంటల శారీరక చలనం ఉండాలి. ఫోను, టీవీ కలిపి గంటకు మించరాదు. మన ప్రాంతంలో చాలామంది తల్లిదండ్రులు హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు చేసి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతారు. అమ్మానాన్నల కోసం బిడ్డ పదకొండు వరకు మేల్కొంటుంది, ఉదయం ఏడుకు లేపుతారు. ఎనిమిది గంటల నిద్రే! మరునాటి చిరాకును అల్లరి అని, మరపును మందబుద్ధి అని పిలవడం అన్యాయం. తల్లిదండ్రులలో ఒక్కరైనా వారంలో కొన్ని రోజులు త్వరగా రావడానికి వీలవుతుందేమో చూడండి. తాతయ్య, నాయనమ్మ ఉంటే తొమ్మిదికి నిద్రపుచ్చే బాధ్యత వారికి అప్పగించండి.

అపార్ట్‌మెంట్ భవనాలలో నడిచే బడులకు మైదానాలు ఉండవు. ఆ కొరతను సాయంత్రం మనమే తీర్చాలి. దగ్గరలోని పార్కుకు తీసుకువెళ్ళండి. అదీ కుదరకపోతే మేడపై పెద్దల పర్యవేక్షణలో దాగుడుమూతలు, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క ఆడించండి.

టిఫిన్ డబ్బాలో బిస్కెట్లు, చిప్స్ వద్దు. చిన్న ఇడ్లీలు, పెసరట్టు ముక్కలు, పెరుగన్నం, మెత్తటి పండు చాలు. నాలుగేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, పూర్తి ద్రాక్షపండ్లు ఇవ్వవద్దు, గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది.

ఆదివారం సాయంత్రం మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఈ వారం ఎన్ని రాత్రులు బిడ్డ కనీసం 10 గంటలు నిద్రపోయింది?
2. వాటర్ బాటిల్ ఖాళీగా వచ్చిందా, నిండుగా వచ్చిందా?
3. విరేచనం సాఫీగా, నొప్పి లేకుండా అయిందా?
4. చెమట పట్టేటట్లు ఎన్ని రోజులు ఆడింది?
5. బడిలో కనీసం ఒక స్నేహితుని పేరు చెప్పిందా?
6. టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నదా? తల వంచి చూస్తున్నదా? పిలిస్తే పలకడం తగ్గిందా?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. ఒక కంటి చూపు మందగించినా పిల్లలు చెప్పలేరు, రెండవ కంటితో సర్దుకుంటారు. ఏడేళ్ళ లోపల గుర్తిస్తే చికిత్స ఎక్కువగా ఫలిస్తుంది. తరచు జలుబు చేసే పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గవచ్చు. అటువంటి బిడ్డకు తరగతిలో 'మొండి' అనే పేరు వస్తుంది. మందలించే ముందు కంటి, చెవి పరీక్ష చేయించండి.

సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే "ఏం రాశావు?" అని కాక "ఎవరితో ఆడావు? దేనికి నవ్వావు? దేనికి భయం వేసింది?" అని అడిగి చూడండి. అక్షరాలు ఆరు నెలలు ఆలస్యమైనా వస్తాయి. బడి అంటే నాలుగేళ్ళకు పుట్టిన భయం పోవడానికి ఆరు నెలలు చాలవు.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ బిడ్డను ప్రత్యక్షంగా పరీక్షించే వైద్యుని సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు. మీ ఇంటి పసివారందరూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని ఆశీర్వదిస్తూ, సెలవు.