అత్తగారి అత్తగారి పేరు

మీ అత్తగారి అత్తగారి పేరేమిటో చెప్పగలరా? ఒక్క నిమిషం ఈ పత్రిక పక్కన పెట్టి ఆలోచించండి. చెప్పగలిగితే మీకో దణ్ణం. ఈ ప్రశ్నకి జవాబు తెలియక మూడేళ్ళ క్రితం మా ఇంట్లో నలుగురి ముందూ తల దించుకున్నాం.

ఆవేళ మా అమ్మ తద్దినం. ఎప్పుడూ వచ్చే పురోహితుడుగారికి మోకాళ్ళ నెప్పులని వాళ్ళబ్బాయి వచ్చాడు. పెద్దాయనైతే మొహమాటానికి ఏదో సర్దుకుపోయేవారు. ఈ కుర్రాడు పట్టుదల మనిషి.

"అమ్మగారి పేరు చెప్పండి" అన్నాడు. అన్నయ్య చెప్పాడు. "నాయనమ్మగారి పేరు?" అదీ చెప్పాడు. "ఆవిడ అత్తగారి పేరు?" అన్నయ్య నాకేసి చూశాడు. నేను వదినకేసి చూశాను. వదిన గారెల పిండికేసి చూసింది.

తాతయ్య స్వహస్తాలతో రాసిన వంశవృక్షం భోషాణంలో ఉందని గుర్తొచ్చి, భోజనాలయ్యాక తీసి చూశాం. ఏడు తరాలున్నాయి. అందరూ మగవాళ్ళే. ఒక్క ఆడపేరు లేదు. ఆడవాళ్ళు లేకుండా ఏడు తరాలు ఎలా పుట్టుకొచ్చాయో ఆ కాగితానికే తెలియాలి!

నా బాధ చూసి అన్నయ్య కొడుకు, "అత్తయ్యా, దీన్ని వికీగా పెడదాం. చుట్టాలందరూ ఎవరికి తెలిసింది వాళ్ళు రాస్తారు" అన్నాడు. వికీ అంటే హవాయి భాషలో 'త్వరగా' అని అర్థంట. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఆయన మొదటిది పెట్టాడు. 2001లో వికీపీడియా వచ్చింది, 2003లో మన తెలుగులోనూ వచ్చింది. ఎవరైనా రాయచ్చు, ఎవరైనా దిద్దచ్చు. ఎవరేం మార్చారో అన్నీ వెనకాల చరిత్రలో ఉంటాయి గనక, తప్పనిపిస్తే పాతదాన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చు.

"అంటే ఊరందరూ కలిసి వండే కూరన్నమాట. ఉప్పు ఎన్నిసార్లు పడుతుందో!" అన్నారు మావారు. ఆయన మాటల్ని నేనెప్పుడూ వెంటనే ఒప్పుకోను.

కానీ ఉప్పు పడనే పడింది. ఒకాయన మా ముత్తాతని ఏకంగా దివానుని చేసేశాడు. ఆయన చేసింది దివాణంలో గుమాస్తా పని. ఇంకొకావిడ పెళ్ళికెదిగిన పిల్లలందరి పుట్టిన తేదీలూ నక్షత్రాలతో సహా ఎక్కించేసింది. ఎవరి అమ్మాయికి ఎన్నేళ్ళో లోకానికంతా తెలిసిపోయిందని రెండిళ్ళవాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు. నేను రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ, వాకిట్లో ముగ్గు ఎవరైనా తొక్కారేమో చూసుకున్నట్టు, ఆ మార్పులన్నీ చూసుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒకరోజు ముత్తాత పేజీలో కొత్త పేరొకటి కనిపించింది. కొడుకు పక్కన ఒక కూతురు! రాసినావిడ ఎవరో మాకెవరికీ తెలియదు. ఇంటిపేరు చూస్తే మా శాఖవాళ్ళు కూడా కాదు. అన్నయ్య మండిపడ్డాడు.

"తాతయ్యకి తోబుట్టువులు లేరు. ఏకపుత్రుడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళొచ్చి మన ముత్తాతకి కూతుళ్ళని పుట్టిస్తూంటే చూస్తూ కూచుంటావేమే? ఇల్లన్నాక తలుపుండాలి. వెయ్యి తాళం" అన్నాడు.

వేశాను. నిజం చెప్పొద్దూ, నాకూ కోపంగానే ఉంది. ఆ పేరు తీసేసి, చదవడం అందరికీ వదిలి, రాయడం మాత్రం మా ఇంటి నలుగురికే అని కట్టడి చేశాను.

ఎనిమిది నెలలు ఎంత ప్రశాంతంగా గడిచాయో చెప్పలేను. తప్పులు లేవు, తగువులు లేవు. కొత్త పేరు ఒక్కటీ లేదు. మాకు తెలిసిందంతా మొదటి నెలలోనే రాసేశాం. తెలియనిది మమ్మల్ని మేమే అడుక్కుంటే వస్తుందా?

అప్పుడొచ్చింది ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం. నిష్ఠూరం లేదు. తను పేరు చేర్చడమే తప్పయితే క్షమించమని, ఊరికే చేర్చలేదని, దాంతోపాటు రెండు పాత పోస్టు కార్డుల ఫోటోలు పంపింది.

అక్షరాలు చూడగానే నా చేతులు వణికాయి. కొమ్ము తిప్పి పైకి లాగే ఆ 'ళ'! భోషాణంలో వంశవృక్షం రాసిన చెయ్యే అది. తాతయ్య తన చెల్లెలికి రాసిన కార్డులు.

ఆ పిల్లకి ఎనిమిదో ఏట పెళ్ళి, తొమ్మిదో ఏట వైధవ్యం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అది జరిగిన ముప్ఫై ఏళ్ళకి కూడా మావంటి ఇళ్ళలో ఆ మాటెత్తితే వెలి. ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఒక బడిపంతులుగారిని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ముత్తాత నీళ్ళొదులుకున్నాడు. ఇంట్లో ఆ పేరెత్తడానికి వీల్లేదన్నాడు.

తాతయ్య ఎత్తలేదు. కానీ దొంగచాటుగా కార్డులు రాశాడు. ఒకదాంట్లో ఉంది, చెల్లెలు తన కూతురికి అమ్మ పేరే పెట్టుకుందని విని, అమ్మ జ్వరంతో ఉన్నదల్లా మంచం మీద లేచి కూర్చుందని. వంశవృక్షంలో చెల్లెలి పేరు రాయడానికి ఆ చేతికి ధైర్యం చాలలేదు. కార్డు రాయకుండా ఉండడానికి మనసొప్పలేదు.

ఆ కూతురే మాకు ఉత్తరం రాసినావిడ అమ్మమ్మ. మేం మూడేళ్ళుగా వెతుకుతున్న పేరు ఆవిడ పేరే!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వందేళ్ళ క్రితం ముత్తాత కొట్టేసిన పేరునే, నేను మళ్ళీ నా చేత్తో కొట్టేశాను. ఆయనకి లోకానికి భయపడే కాలమైనా ఉంది. నాకేముంది?

హరిద్వారంలో పండాల దగ్గర పొడుగాటి బహీలుంటాయి, వినే ఉంటారు. ఏ ఇంటివాళ్ళు వెళ్ళినా తమ తాతముత్తాతలు రాసిన పుట తీయించి, కొత్తగా పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ చేర్చి సంతకం పెట్టి వస్తారు. కొన్నిటిని అమెరికాలో ఉటా వంశావళి సంఘంవాళ్ళు మైక్రోఫిల్ము కూడా తీసుకున్నారు. మన పుస్తకం బయటివాళ్ళ దగ్గరుంటే ఏదో అయిపోతుందని మన పెద్దలు అనుకోలేదు కదా!

అలాగని తలుపు బార్లా తెరిచి నిద్రపొమ్మని నేననను. 2008లో మొదలైన వికీట్రీలో ప్రపంచం మొత్తానికీ ఒకే చెట్టు. కానీ చెయ్యి పెట్టేముందు వాళ్ళ నియమావళికి ఒప్పుకోవాలి. 1700కి ముందు పుట్టినవాళ్ళ జోలికి వెళ్ళాలంటే చిన్న పరీక్ష కూడా ఉంది. మేమూ మూడు నియమాలు పెట్టుకున్నాం. బతికున్నవాళ్ళ వివరాలు ఇంటివాళ్ళకి తప్ప కనిపించవు. ఏది రాసినా ఎలా తెలిసిందో పక్కన రాయాలి, 'మా అమ్మమ్మ చెప్పింది' అన్నా సరే. నచ్చనిది కనిపిస్తే కొట్టెయ్యకూడదు, ముందు రాసినవాళ్ళని అడగాలి. ఈ మూడోది నాకోసం నేను పెట్టుకున్నది.

మన పాత ఇళ్ళలో వీధి అరుగు ఉండేది. దారిన పోయేవాళ్ళెవరైనా కూర్చోవచ్చు, మంచినీళ్ళడగచ్చు. వంటింట్లోకి ఎవరూ రారు. అరుగుంది గదా అని ఇల్లెవరూ ఎత్తుకుపోలేదు.

కార్డులు చూపిస్తే అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆవిడ మనకేమవుతుంది?" అన్నాడు. వరసలు కట్టడంలో మనల్ని మించినవాళ్ళున్నారా? వేళ్ళు మడిచి లెక్క చూశాను. "నేను పిన్నిని, నువ్వు మావయ్యవి" అన్నాను.

"అయితే తాళం తియ్యి. తద్దినానికి రమ్మని నేనే ఫోను చేస్తాను" అన్నాడు.

వచ్చింది. పురోహితుడుగారి అబ్బాయి మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. అన్నయ్య ఈసారి ఎవరికేసీ చూడలేదు. పేరు గట్టిగా, వీధిలోకి వినిపించేలా చెప్పాడు. గుమ్మం పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి కొంగుతో కళ్ళొత్తుకుంది.

మా వదిన మాత్రం గారెల పిండి రుబ్బుతూ, "ఇంతకీ మీ అత్తగారి అత్తగారి పేరేమిటి?" అంది నన్ను.

మావారిని అడిగాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.