తూటా లెక్క, తుడుపు లెక్క

సాహిత్యంలోకి తుపాకీ ఎప్పుడూ పేలుతూనే వస్తుంది. యుద్ధ నవలలోనైనా విప్లవ కవిత్వంలోనైనా అది భుజాన ఉంటుంది, గురి పెడుతుంది, మోగుతుంది. ఆ రాత్రి దాన్ని ఎవరు విప్పి తుడిచారు, నూనె ఎవరు రాశారు అన్నది కథకు అక్కర్లేని సంగతి. హెన్రీ రీడ్ 1942లో రాసిన 'నేమింగ్ ఆఫ్ పార్ట్స్' కవితను ఇంగ్లీషు సాహిత్యం చదివిన చాలామంది ఎరుగుదురు. రంగరూటులకు రైఫిల్ భాగాల పేర్లు నేర్పే పాఠం అది. అందులోనూ శుభ్రం చేయడం నిన్నటితో అయిపోయిన పాఠమే. ఒక్క ప్రస్తావనతో సరి. ఆ కవిత చదివిన ప్రతిసారీ నేను ఆ 'నిన్న' దగ్గర ఆగిపోతాను. రైఫిల్‌తో నా పరిచయం ఎక్కువ భాగం అక్కడే జరిగింది.

డిగ్రీలో ఎన్.సి.సి. క్యాంపులకు వెళ్ళేవాళ్ళం. ఎన్.సి.సి.లో అమ్మాయిల విభాగం 1949లోనే మొదలైంది కాబట్టి మేమేమీ కొత్తగా గడప దాటినవాళ్ళం కాదు. అయినా ఫైరింగ్ రోజున మగపిల్లలకు తలా పది తూటాలు, మాకు ఐదు. 'అమ్మాయిలకు ఇవి చాలు' అనేవారు. సాయంత్రం రైఫిళ్ళు తుడిచేటప్పుడు మాత్రం ఈ లెక్క తిరగబడేది. 'మీ చేతులకు అలవాటే కదమ్మా' అని ఎక్కువ రైఫిళ్ళు మావైపుకే వచ్చేవి. ఒక కొసన బరువు ఉన్న తాడు, దాని పేరు పుల్‌త్రూ. రెండో కొసనున్న ముడిలో చిందీ గుడ్డ దూర్చి, బరువును వెనకవైపు నుంచి గొట్టంలోకి జార్చి, మూతివైపు నుంచి ఒకే ఊపున తిన్నగా లాగాలి. వంకరగా లాగితే తాడు రాసుకుని గొట్టం మూతి అరుగుతుంది. మూతి అరిగిన రైఫిల్ గురి నిలవదు. 'రైఫిల్‌ను పెళ్ళాంలా చూసుకోండి' అని మగపిల్లలకు చెప్పేవారు. మాకు మాత్రం 'పసిబిడ్డలా చూసుకోండి' అనేవారు. చాకిరీ ఒకటే, బంధుత్వం మారింది.

ఈ తూటాల కోత మా క్యాంపుకే పరిమితమైన పిసినారితనం కాదని తర్వాత తెలిసింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలో స్త్రీ పురుషులు కలిసే కాల్చారు. అమెరికాకు చెందిన మార్గరెట్ మర్డాక్, లానీ బాషమ్ సమానమైన స్కోరు చేశారు. చివరికి స్వర్ణం బాషమ్‌కు, రజతం మర్డాక్‌కు ఇచ్చారు. జాతీయగీతం వినిపించేటప్పుడు బాషమే ఆమెను తన మెట్టు మీదికి చేయి పట్టి తీసుకున్నాడు. 1984 నుంచి ఒలింపిక్స్‌లో స్త్రీలకు విడిగా పోటీలు పెట్టారు. మగవాళ్ళ మూడు భంగిమల పోటీలో 120 షాట్లు ఉంటే స్త్రీలకు 60. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వాళ్ళకు 60, వీళ్ళకు 40. 2018లో గానీ ఈ లెక్కలు సమానం కాలేదు. అరవైకీ నూట ఇరవైకీ మధ్యనున్న తేడాకు స్త్రీల శరీరంలో కారణం ఎక్కడుందో ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా మూడు భంగిమల ఫైనల్లో 469.6 స్కోరుతో ప్రపంచ రికార్డు సృష్టించినప్పుడు నాకు మా ఐదు తూటాలే గుర్తొచ్చాయి.

ఇప్పుడు నేను సెలవురోజుల్లో వెళ్ళే క్లబ్బుకు ఆమధ్య కొత్త .22 రైఫిల్ వచ్చింది. కొత్త గొట్టాన్ని 'బ్రేక్-ఇన్' చేయాలన్నారు పెద్దలు. ఒక తూటా కాల్చి మొత్తం శుభ్రం చేయాలి, మళ్ళీ ఒకటి కాల్చి మళ్ళీ శుభ్రం చేయాలి. అలా ఇరవైసార్లు. ఒక్కో శుభ్రానికి పది నిమిషాలు వేసుకున్నా మూడు గంటల పైమాటే. కాల్చడానికి చేతులు చాలానే లేచాయి. తుడవడానికి మిగిలింది ఇద్దరమే. నేనూ, రాష్ట్రస్థాయి పోటీలకు తయారవుతున్న ఇరవై ఏళ్ళ అమ్మాయీ.

'ఎందుకు?' అని అడిగింది ఆ అమ్మాయి. అడగడమే కాదు, వివరించింది కూడా. పెద్ద రైఫిళ్ళ బులెట్లకు రాగి తొడుగు ఉంటుంది. తూటా గది దాటి బులెట్ మొదటిసారి గాడుల్లోకి దిగే చోట, దాన్ని తొలిచిన పనిముట్టు గీతలు బులెట్ దారికి అడ్డంగా మిగిలిపోతాయి. అవి రాగిని గీరుకుంటాయి. ఆ రాగి గొట్టం పొడుగునా పూతలా అంటుకుంటుంది. ఆ పూత తీయకుండా కాలిస్తే రాగి మీద రాగి పేరుకుంటుంది. అందుకే ఆ గీతలు అరిగి నునుపు తేలేదాకా ప్రతి తూటాకూ ఒక తుడుపు. తుడిచిన గుడ్డకు నీలిరంగు దిగితే రాగి ఇంకా ఉందన్నమాట. ఈ తంతు వల్ల గొట్టం ఆయుష్షు తగ్గడం తప్ప లాభం లేదనే తయారీదార్లూ ఉన్నారు. ఆ వాదం ఎటు తేలినా మన .22 తూటాది ఉత్త సీసపు గుండు, పైన మైనంలాంటి పూత. రాగే లేనిచోట రాగి మడి ఎందుకు? ఫ్యాక్టరీ నూనె, దుమ్ము పోయేలా ముందొకసారి తుడిచి, కాల్చుకుంటూ కాగితం మీద గ్రూపు చూసుకుంటే చాలు అంది. 'పెద్దవాళ్ళు చెప్పారు కదా' అన్నదే ఆమెకు వచ్చిన జవాబు.

ఆ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? కారణం పోయినా తంతు మిగలడం, తంతు ఎవరిదైనా చాకిరీ ఒకరిదే కావడం మన ఇళ్ళలో మడి, మైలల దగ్గర చూస్తున్నదే. 'బ్రేక్-ఇన్' అన్నమాట ఇంగ్లీషులో గుర్రాలను లొంగదీయడానికీ వాడతారు. తెలుగులో ఆ మాట లేకపోయినా మన వ్యాకరణం ఇంకో దారిలో అక్కడికే చేరుస్తుంది. 'రైఫిల్ వచ్చింది', 'కోడలు వచ్చింది' - రెండింటికీ ఒకే క్రియ. రెండూ 'అది'. కొత్తగా వచ్చినదాన్ని దారిలో పెట్టాలనే తొందర కూడా ఒకటే.

ఆ అమ్మాయి చెప్పిన మరో సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. పూర్తిగా శుభ్రం చేసిన .22 గొట్టం వెంటనే గురి కుదరదు. మొదటి కొన్ని తూటాలు చెదురుతాయి. మైనం, సీసం పల్చగా మళ్ళీ పరుచుకున్నాకే గ్రూపు దగ్గరపడుతుంది. యాభై మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే కాబట్టి ఆ తేడా కనబడిపోతుంది. దోసెల పెనాన్ని సబ్బుతో తోమేస్తే మొదటి అట్టు ఎందుకు చిరుగుతుందో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఇక కడ్డీని అడ్డదిడ్డంగా ఆడించి తుడిస్తే, కాల్చడం వల్ల పాడయ్యేదానికంటే ఎక్కువే పాడవుతుంది. కడ్డీ వెనకనుంచే వెళ్ళాలి, తోసిన ప్రతిసారీ కడ్డీని తుడవాలి, మూతిని తగలనివ్వకూడదు, ఎక్కడ ఆపాలో తెలియాలి. అంటే శుభ్రత ఒక సుగుణం కాదు, ఒక నైపుణ్యం. స్త్రీలు చేసినప్పుడు దాన్ని సుగుణమనడంలో ఒక సౌకర్యం ఉంది. సుగుణానికి జీతం ఇవ్వక్కర్లేదు, సలహా అడగక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు.

ఆ రోజు మేము ఇరవై తుడుపులు తుడవలేదు. కాల్చినవాళ్ళే తుడవాలని ఇద్దరం చెప్పేశాం. నాలుగో తూటాకల్లా పెద్దలకు బ్రేక్-ఇన్ మీద నమ్మకం సడలింది. ఆ తర్వాత ఆ అమ్మాయి పద్ధతిలోనే సాగింది. ఆమె ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎడమ పేజీలో ఎవరు ఎన్ని తూటాలు కాల్చారో, కుడి పేజీలో ఎవరు ఎప్పుడు తుడిచారో. ఆ కుడి పేజీ గురించి క్లబ్బులో ఇంకా గొణుగుళ్ళు ఉన్నాయి. 'ఇది కూడా రాయాలా?' అంటారు.

రాయాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పని కూడా అదే. తెలంగాణ సాయుధ పోరాటమంటే తుపాకులు పట్టి నిలబడ్డ స్త్రీల ఫోటో మనకు గుర్తొస్తుంది. ఆ పుస్తకంలో స్త్రీలు తుపాకీ గురించీ చెప్పారు, వండిపెట్టడం, దాచిపెట్టడం, కబుర్లు మోయడం గురించీ చెప్పారు. పేలిన క్షణాన్ని దాచుకునే చరిత్రకు అలవాటుపడ్డ మనకు, ఆ తూటాకు ముందూ వెనకా పనిచేసిన చేతులను వాళ్ళు చూపించారు. తూటాల్లో సమానత్వం రావడానికి 2018 దాకా పట్టింది. తుడుపుల్లో సమానత్వానికి ఏ సమాఖ్యా నిబంధన రాయదు. ఆ పేజీ మనమే గీసుకోవాలి.