రంగుకు ముందు పని

హైదరాబాదు బాలానగర్‌లోని చిన్న పరిశ్రమల మధ్య, వంటింటి కబోర్డుల తలుపులకు రంగు వేసే ఒక షెడ్డు ఉంది. అడుగుపెట్టగానే కళ్లకు తగిలేది తెల్లటి పొడి. గచ్చు మీద, కిటికీ చువ్వల మీద, పనివాళ్ల కనుబొమ్మల మీద అదే. రంగు కొట్టే గది షెడ్డు చివర పరదా వెనక చిన్న మూల మాత్రమే. మిగతా జాగా అంతా తలుపులు కడిగేవాళ్లదీ, లప్పం పెట్టేవాళ్లదీ, ఎమరీ కాగితంతో రుద్దేవాళ్లదీ. నేను చెప్పదలచుకున్నదానికి ఈ జాగా పంపకమే మొదటి ఆధారం. పాత కబోర్డులకు ఇంట్లోనే రంగు వేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ రంగు కొనాలని, ఆ తర్వాత స్ప్రే మెషిన్ లేకుండా అంత నునుపు వస్తుందా అని. రెండూ పని చివర్లో వచ్చే ప్రశ్నలు. నునుపు సంగతి అప్పటికే తేలిపోయి ఉంటుంది. ముందు పనికి ఓపిక ఉంటే ఇంటి వరండాలోనూ అది సాధ్యమేనని నా నమ్మకం.

ఎందుకంటే రంగు పొర మనం అనుకునేదానికన్నా చాలా పలచన. ఎనామిల్ ఒక కోటు ఆరాక మిగిలేది సుమారు 25 నుంచి 40 మైక్రాన్ల మందం. తల వెంట్రుకే దాదాపు అంతకు రెట్టింపు ఉంటుంది. 120 నంబరు ఎమరీ కాగితంలోని రేణువు సగటున 125 మైక్రాన్లు, 400 నంబరుదైతే 35. గీత లోతు రేణువంత ఉండదు గానీ, ముతక కాగితంతో రుద్ది వదిలేసిన గీతల్ని పూడ్చేంత సరుకు ఆ పొరలో లేదు. గుంట ఉన్నచోట రంగూ గుంటగానే ఆరుతుంది. మెరుపు పెరిగేకొద్దీ ఆ లోపం మరింత బయటపడుతుంది. ఆ షెడ్డు మేస్త్రీ లప్పం ఆరిన తలుపు మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీశాడు. చెక్కముక్కకు చుట్టిన 320 నంబరు కాగితంతో రుద్దుతుంటే ఎత్తుగా ఉన్నచోటల్లా గీతలు చెరిగిపోయాయి. రూపాయి బిళ్లంత మేర రెండు మూడు చోట్ల మాత్రం నల్లగా అలాగే మిగిలాయి. చేత్తో తడిమినా తెలియని పల్లాలవి. తలుపును ట్యూబ్‌లైటు కిందికి తీసుకుపోయి, కంటి ఎత్తున ఏటవాలుగా పట్టుకుని, “ఇక్కడ ఇడిసిపెడితే రంగు పడ్డంక ఇదే ముందుగాల కనపడతది సార్” అన్నాడు. వాటి మీద మళ్లీ లప్పం పూశాడు. పెన్సిలుకూ ట్యూబ్‌లైటుకూ ఏ ఇంట్లోనూ కరువు లేదు.

మన వంటిళ్లకు ఈ ముందు పని మరీ అవసరం. రెండు పూటలా పోపు చిటపటలాడి, అప్పుడప్పుడూ బజ్జీలో పూరీలో వేగే చోట తలుపుల మీద నూనె ఆవిరి పేరుకుని, దాని మీద దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. పొయ్యికి దగ్గరగా ఉన్న పై తలుపుల అడుగంచునా, పిడుల చుట్టూ అది ఎక్కువ. చాలామంది ముందు రుద్ది తర్వాత తుడుస్తారు. జిడ్డు ఉండగా రుద్దితే అది గీతల్లోకి దిగి కూర్చుంటుంది, తర్వాత రంగు అక్కడ పట్టకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. అందుకే షెడ్డులో ముందు బట్టల సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డ పెట్టి, పూర్తిగా ఆరాకే కాగితం పడతారు. సన్‌మైకా మీద రంగు నిలవదని వడ్రంగులే చెబుతుంటారు. మెరిసే లామినేటు మీద మామూలు ఉడ్ ప్రైమర్ నేరుగా పూస్తే వాళ్ల మాట నిజమే, గోటితో గీకినా పెచ్చు లేస్తుంది. 220 నంబరు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది, నున్నటి వాటికి అంటుకునేలా తయారుచేసిన ప్రైమర్ వేస్తే మాత్రం నిలుస్తుంది. ఎండీఎఫ్ తలుపుకు ముఖం నున్నగానే ఉన్నా కోసిన అంచు రంగును పీల్చేస్తుంది. ఆ అంచులకు ప్రైమర్ రెండు మూడుసార్లు పట్టించాలి.

ఇంత చేసినా ఆఖరి కోటు గన్‌తో కొట్టాల్సిందే, కుంచెకు చారలు తప్పవు అంటారు. అది తీసిపారేయదగ్గ మాట కాదు. చెక్కుడు పనీ వంపులూ ఉన్న తలుపుల మీద గన్‌కు సాటి లేదు. కానీ స్ప్రే ప్రధానంగా వేగం కోసం వచ్చింది. అంతకుముందు గుర్రపు బగ్గీలకూ తొలి కార్లకూ కుంచెతోనే వార్నిష్ పూసేవాళ్లు. పూతపూతకూ ప్యూమిస్ పొడితో రుద్ది, మొహం కనపడేంత నునుపు తేల్చేవాళ్లు. దానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగు త్వరగా ఆరిపోయేది కనుక గన్‌తో కొట్టే పూతగా 1924 నాటికి జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్లాండ్ కార్లకెక్కింది. మన కొండపల్లిలోనూ పొనికి చెక్క బొమ్మకు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు పెట్టి, ఆరాక సాపు చేసి, తెల్లపూత వేశాకే రంగుల కుంచె అందుకుంటారు. ఇంట్లో చేయాల్సింది తలుపుల్ని విప్పి పడుకోబెట్టడం. నిలువుగా ఉంటే రంగు కిందికి జారుతుంది, పడుకోబెడితే తనంతట తాను సర్దుకుని చారల్ని కప్పుకుంటుంది. స్పాంజి రోలర్‌తో పలచగా పరిచి, మెత్తటి కుంచె కొసతో ఒకే దిక్కుగా ఒక్కసారి నిమిరి వదిలేయాలి. ఆరుతున్న రంగును మళ్లీ కెలికితే చారలు అక్కడే పుడతాయి. మందంగా ఒక కోటు వేసేకన్నా పలచగా మూడు వేసి, నడుమ 400 నంబరుతో తేలిగ్గా రుద్దుకోవడం మేలు.

ఇంత చాకిరీ కన్నా కొత్త తలుపులు చేయించుకుంటే పోలేదా అనేవాళ్లున్నారు. కొన్ని తలుపుల విషయంలో వాళ్లదే సరైన మాట. సింకు కింద నీరు తాగి ఉబ్బిన పార్టికల్ బోర్డునూ, చెదలు తిన్న చట్రాన్నీ ఏ లప్పమూ బాగుచేయలేదు. అలాంటి ఒకటి రెండింటి కోసం గట్టిగా ఉన్న ప్లై తలుపులన్నీ చెత్తలోకి పోవడం మాత్రం నన్ను నిజంగా బాధిస్తుంది. రంగు పని ఖర్చులో పెద్ద వాటా కూలీది, ఆ కూలీలో పెద్ద వాటా రుద్దుడుది. ఇంట్లోవాళ్లు సొంతంగా చేసుకోగలిగింది సరిగ్గా ఆ భాగమే.

ఇంటి పని వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం పరదా వెనక ఉంది. పీయూ (పాలీయురేథేన్) రంగు కొడుతున్న కుర్రాడి ముక్కుకు చేతిరుమాలే అడ్డం. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూలో హార్డెనర్‌గా ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చేవాళ్లకు ఆస్తమా రావచ్చు, ఒకసారి వచ్చాక కొద్దిగా తగిలినా ఊపిరాడదు. గుడ్డ దాన్ని ఆపలేదు. అక్కడ పని చేయించుకునేవాళ్లు మనిషికి తగిన మాస్కు, గాలి లాగే ఫ్యాను ఉన్నాయో లేదో అడిగి తీరాలి. ఇంట్లో నీటితో పలచన చేసే ఎనామిల్‌ను రోలర్‌తో వేస్తే ఈ తుంపరే ఉండదు. ఇంటి పనిలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న 2016 నాటి నిబంధనలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దకూడదు. తడిపి రుద్ది, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తేయాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

ఈ పనికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి కాలం. వానాకాలపు తేమలో కోటుకూ కోటుకూ మధ్య ఆరుదల సాగుతుంది, నడివేసవిలో రంగు సర్దుకోకముందే బిగుసుకుంటుంది. చేతికి అంటకపోవడానికి కొన్ని గంటలు చాలు గానీ పూర్తి గట్టిదనానికి వారాలు కావాలి. అందాకా తలుపులు బిగించుకోవచ్చు, గరుకు పీచు మాత్రం తగలనివ్వకూడదు. విప్పేటప్పుడే హింజ్ కోసం తొలిచిన 35 మిల్లీమీటర్ల గుంటలో నంబరు రాసి టేపు అతికించుకుంటే, బిగించే రోజు ఏ తలుపు ఎక్కడిదో వెతుక్కునే పని ఉండదు.