ఇటుకల పండక్కి వచ్చిన పిల్ల అడిగిన మాట

చైత్రం వచ్చిందంటే మా కొండల్లో ఇటుకల పండగ. విత్తనాలకు పూజ జరుగుతుంది. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా నిలబడి, వచ్చే పోయే బళ్ళను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. పాడేరులో, విశాఖలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే మా పిల్లలు ఊరు చేరేది కూడా అప్పుడే.

అలా ఒక ఏడాది వచ్చినవాళ్ళలో మా దగ్గర అయిదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఉంది. ఇప్పుడు డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదువుతోంది. సెలవుల్లో స్థానిక పాలన మీద ప్రాజెక్టు రాసుకు రమ్మన్నారట. "వేరే ఊరెందుకు మాస్టారూ, మన ఊరి గురించే రాస్తాను" అంటే మేం సంతోషపడ్డాం.

నాలుగు రోజుల తర్వాత నోటుపుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చింది. గ్రామసభ తీర్మానాల రిజిస్టరు చూసి ఎత్తి రాసుకుంది. మా ఊరికి గొట్టాలు వేసి ఊటనీళ్ళు అందించారని, డబ్బు సరిగ్గా ఖర్చయిందని గ్రామసభ ధ్రువీకరించినట్టు అందులో ఉంది. కింద వరసగా వేలిముద్రలు, సంతకాలు.

"మీ సంతకం కూడా ఉంది మాస్టారూ. ఆ రోజు సభ ఎక్కడ జరిగింది?"

మాకు నోట మాట రాలేదు. సభ జరగలేదు. ఒక సంతరోజు ఆ రిజిస్టరు బడికి వచ్చింది. "అందరూ పెట్టేశారు, మీరే మిగిలారు" అన్నారు. పాఠం మధ్యలో ఉన్నాం, చదవకుండానే పెట్టేశాం. మా ఆడవాళ్ళు ఈ రోజుకీ తెల్లారకముందే బిందెలతో గెడ్డలోకి దిగుతున్నారు. అక్షరం వచ్చిన మేమే చదవనప్పుడు, వేలిముద్ర వేసిన ముసలమ్మను ఏమనగలం?

గ్రామసభ పాఠం మేం ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు. టి.టి.సి. పరీక్షలోనూ రాశాం. పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినా, అయిదో షెడ్యూలు ప్రాంతాలకు అది నేరుగా వర్తించలేదు. మన కోసం పార్లమెంటు 1996లో పీసా చట్టం చేసింది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. తన ఆచారం ప్రకారం తన పనులు తాను చూసుకునే గూడెం కూడా ఆ చట్టం ప్రకారం ఒక గ్రామమే. పథకాలకు ఆమోదం తెలిపేది, లబ్ధిదారులను గుర్తించేది, ఖర్చుకు ధ్రువీకరణ ఇచ్చేది గ్రామసభే. ఇదంతా మాకు తెలుసు. పుస్తకంలో ఉన్న గ్రామసభ, మా బల్లమీదికి వచ్చిన రిజిస్టరు ఒకటేనని మాత్రం తోచలేదు.

ఆ పిల్ల ఇంకో మాట అడిగింది. "పండగ ఎప్పుడు చేయాలో ఎలా తేల్చారు మాస్టారూ?"

అది చెప్పడం తేలికే. బారిక ఇంటింటికీ కేకేశాడు. ఊరంతా చెట్టు కింద కూర్చుంది. దిసారి రోజు చెప్పాడు. ఒక ఇంట్లో చావు జరిగిందంటే రెండు రోజులు జరిపారు. ఆడవాళ్ళు ఒప్పుకున్నాకే అందరూ లేచారు. ఎవరూ సంతకం పెట్టలేదు, అయినా ఎవరూ మాట తప్పలేదు.

"గ్రామసభంటే అదే కదా" అంది.

పండగ అయిన మర్నాడు, పిల్లలు ఇంకా ఊళ్ళో ఉండగానే, అదే చెట్టు కింద కూర్చున్నాం. ఆ పిల్ల తాను రాసుకున్నది తెలుగులో చదివి, ఆదివాసీ ఒరియాలో చెప్పింది. చదవకుండా సంతకం పెట్టామని మేం లేచి ఒప్పుకున్నాం. సిగ్గేసింది. ఎవరూ తిట్టలేదు. ఒక పెద్దావిడ మాత్రం "నీళ్ళు వచ్చాయని రాశారా? అయితే నా బిందె ఎందుకు ఖాళీగా ఉంది?" అంది. నీళ్ళు అందలేదని తీర్మానం రాసి, అందరికీ రెండుసార్లు చదివి వినిపించి, అప్పుడు సంతకాలు పెట్టి పంపించాం.

ఊటనీళ్ళు ఇంకా రాలేదు. కానీ తర్వాత రిజిస్టరు వచ్చినప్పుడు ఆ పెద్దావిడే చెయ్యి వెనక్కి లాక్కుని "ముందు చదవండి" అంది. చదివారు.

తోటి టీచర్లకు మేం చెప్పేది ఒక్కటే. గ్రామసభ పాఠం వచ్చిన రోజున పిల్లలను ఆ చెట్టు కిందికి తీసుకెళ్ళండి. పై చదువులకు వెళ్ళిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకు వచ్చినప్పుడు మీ ఊరి రిజిస్టరు ఒకసారి అడగండి. అందులో మీ మాస్టారి సంతకం కనిపిస్తే మొహమాటపడకండి. అడగండి.