గూటిలోని పొయ్యి

మా ఊరు సాలూరు. తూర్పు కనుమల పాదాన, వేగావతి నది ఒడ్డున వెలసిన పట్టణం. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేవరకు మేము విజయనగరం జిల్లావారం. రాయపూరు వెళ్ళే దారిలో ఘాటు ఎక్కబోయే లారీలకు మా ఊరు పెద్ద మజిలీ. లారీలు నడిపేవారు, వాటికి బాడీలు కట్టేవారు, వైరింగు చేసేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. మా మేనమామ అటువంటివారిలో ఒకరు. నలభై ఏళ్ళపాటు లారీల వైరింగు చేసి, చూపు మందగించిన తరువాత ఇంటిపట్టున ఉంటున్నారు.

మా అమ్మ కాలంలో పొయ్యి అంటే వంటింటి మూలన మట్టితో మెత్తి, పేడతో అలికినది. దానిని కదిలించడమంటే గునపంతో పగులగొట్టడమే. ఆ పొయ్యి పొగకు ఆమె కళ్ళు ఎంత నీరు కార్చాయో లెక్క లేదు. 1953 నాటికే హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు గొట్టం ద్వారా పొగను బయటకు పంపే పొయ్యిని రూపొందించి, దానిపై పుస్తకం కూడా వెలువరించారని నేను చాలా ఆలస్యంగా చదివాను. మా ఇంటికి మాత్రం ఆ గొట్టం రాలేదు. నేరుగా గ్యాసు వచ్చింది. ఆ తరువాత మా అప్ప ఇంటికి గోడ అలమరలో ఇమిడిపోయే కరెంటు ఓవెను వచ్చింది.

అప్ప కేకులు చేసి అమ్ముతుంది. పుట్టినరోజులకు, క్రిస్మసుకు ఆమెకు తీరిక ఉండదు. డిసెంబరు మొదటి వారంలో నేను సెలవుపై వెళ్ళినప్పుడు, "ఈ మధ్యన దీన్ని ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందిరా. తడి చేతికైతే మరీనూ" అన్నది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఆమె నాలుగేళ్ళ మనుమరాలు అప్పుడే ఆ ఓవెను తలుపు అద్దంలో తన ముఖం చూసుకుంటున్నది.

మామయ్యకు కబురు పెట్టాను. ఆయన వచ్చి, పీట వేసుకుని కూర్చుని, పని నాచేత చేయించారు. "లారీలో 24 వోల్టులురా. చాసిస్సే దానికి తిరుగుదారి. ఇనుమంతా పట్టుకున్నా ఏమీ అవదు. ఇంట్లో 230. ఇక్కడ ఇనప డొక్కుకి వేరే ఎర్తు తీగ లేకపోతే, కరెంటు నీ వొంట్లోంచే నేలకి దారి చూసుకుంటాది" అన్నారు. భౌతికశాస్త్రం చదువుకున్న నాకు ఎర్తు సంగతి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ముందుగా వంటింటిదని రాసి ఉన్న స్విచ్చును కట్టివేశాను. ఓవెను మీది గడియారం వెలుగుతూనే ఉన్నది! బిగించినవాడు ఎవరో తీగను హాలు లైట్ల లైనులో కలిపాడన్నమాట. మూడు కిలోవాట్ల ఓవెను 13 ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్నని తీగ అంత భారం మోయలేదు. ఇక మెయిను కట్టడమే శరణ్యమైంది. అయితే దానికి ముందు మామయ్య మరొక పని చెప్పారు. "టెస్టరు వెలగలేదని సంబరపడకు. అది బాగున్నదో పాడైందో ముందు కరెంటున్న చోట పెట్టి సూడు." చూశాను. వెలిగింది. అప్పుడే మెయిను కట్టాను.

ఓవెను పూర్తిగా చల్లారిన తరువాత పళ్ళేలు, జాలీలు తీశాము. తలుపు బరువైనది, పైగా స్ప్రింగులున్నది. దానిని పూర్తిగా తెరచి, కీళ్ళ దగ్గరి కొక్కేలను పైకి లేపి, సగం మూసి ఎత్తితే ఊడివస్తుంది. కొక్కేలు లేపకుండా లాగితే వేళ్ళు నలుగుతాయి. అద్దం పగలకుండా దుప్పటి మడత మీద పడుకోబెట్టాము. చట్రానికి ఇరువైపులా రెండేసి మరలు. వాటిని విప్పి గ్లాసులో వేశాను. అదే ఎత్తున్న బల్లను గూటికి ఆనించి, బావ ఒకవైపు, నేను ఒకవైపు అడుగుభాగం పట్టుకుని మెల్లగా జరిపాము. పిడి పట్టుకుని లాగబోయిన బావను మామయ్య కసిరారు.

వెనుక చూసేసరికి మా ముగ్గురికీ మాట రాలేదు. ప్లగ్గు పిన్నులు నల్లగా మాడి ఉన్నాయి. ప్లైవుడ్డు కూడా కమిలింది. పసుపు పచ్చ చారల తీగను, అంటే ఎర్తు తీగను, కత్తిరించి, మడిచి, టేపు చుట్టి వదిలేశారు. అక్కడున్న పొడిగింపు తీగకు మూడవ పాయ లేదు మరి! మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను మిగిలినవాటికన్నా పొడవుగా ఉండేది ఊరికే కాదు. కరెంటు తగలకముందే ఎర్తు తగలాలని.

లోపలి హీటరు నుండి కరెంటు డొక్కుకు పాకుతున్నదని తేలింది. ఓవెనును గోనెసంచులతో చుట్టి, నిలువుగా కట్టి, విజయనగరం వైపు పోయే తెలిసినవారి లారీలో మరమ్మతుకు పంపాము. అది తిరిగివచ్చేలోగా లైసెన్సున్న వైరుమాను చేత 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, ఎర్తుతో సహా, విడి లైను వేయించాము. చెయ్యి అందేలా పక్క అలమరలో 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించాము. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు నేలకు జారినా క్షణంలో సరఫరా తెంచే పరికరాన్ని బోర్డులో అమర్చాడు. ఖర్చు చూసి బావ నిట్టూర్చారు. అప్ప మాత్రం రెండు ఆర్డర్లు వదులుకుని కూడా ఒక్క మాట అనలేదు.

తిరిగి బిగించడం విప్పినంత తేలిక కాలేదు. తీగ వేడి వీపుకు తగలకుండా పక్కకు తప్పించాలి. వెనుక గాలి ఆడే సందు మూసుకుపోకూడదు. మొదటిసారి తోసినప్పుడు తీగ నలుగుతున్నట్లు అనిపించి మళ్ళీ బయటకు లాగాము. రెండవసారి కుదిరింది. మరలు, తలుపు యథాస్థానానికి చేరాయి. కిటికీలు తెరచి అరగంట ఖాళీగా వేడిచేశాము. కొత్త హీటరు వాసన పోయింది.

చల్లారాక, మట్టిపొయ్యికి బొట్టు పెట్టినట్లే దీనికీ పెట్టాలని అమ్మ పసుపు గిన్నెతో బయలుదేరింది. మామయ్య పీట మీదినుంచి లేవకుండానే, "పెట్టవే చెల్లీ, పెట్టు. చెయ్యి తుడుసుకుని పెట్టు" అన్నారు.