సోనారి నుంచి టాటానగర్ స్టేషన్‌కు

జంషెడ్‌పూర్‌లోని సోనారిలో చిన్న విమానాశ్రయం ఉంది గాని రైల్వే స్టేషన్ లేదు. రైలెక్కాలంటే ఇక్కడివారు ఆటోలో బిష్టుపూర్, జుగ్‌సలాయి దాటి టాటానగర్ జంక్షన్ చేరాలి. ఖర్‌కాయి నది అవతల ఆదిత్యపూర్ స్టేషన్ ఉన్నా నగరానికి అసలు స్టేషన్ టాటానగరే.

ఊరి కంటే స్టేషనే ముందుది. బెంగాల్ నాగపూర్ రైల్వే లైను మీద అప్పట్లో దాని పేరు కాళీమాటి. 1907లో ఉక్కు కర్మాగారానికి చోటు వెతుకుతున్న టాటా బృందానికి దగ్గరలోని సాక్చి గ్రామం నచ్చడానికి ఈ రైలుమార్గం ఒక కారణం, సువర్ణరేఖ, ఖర్‌కాయి నదుల నీరు మరో కారణం. ఆ నదులు కలిసే దోముహాని సోనారి అంచునే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మెసొపొటేమియాలో వేసిన పట్టాలు ఆ కర్మాగారంలో తయారైనవే. అందుకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటి టాటానగర్ అయింది.

టాటానగర్‌ను పెంచింది సరుకు. ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు మోసే గూడ్సు బండ్ల మధ్య ఖాళీ చూసుకునే లోకల్ నడవాలి. ఇక్కడి రోజువారీ ప్రయాణికుడికి ఓపిక తప్పదు.

లోకల్ అంటే ఇక్కడ మెము అనే కరెంటు ప్యాసింజరు బండి. తూర్పున రాఖా మైన్స్, ఘాట్‌శిల మీదుగా ఖరగ్‌పూర్ వైపు, పడమర గమ్‌హరియా, సీని మీదుగా చక్రధర్‌పూర్ వైపు తిరుగుతుంది. పొద్దుటి బండి దిగేవారిలో టిఫిన్ డబ్బా సంచితో కాంట్రాక్టు కూలీలు, కూరగాయల గంపలవాళ్లు, సాల్ ఆకుల కట్టలూ పళ్లపుల్లల మోపులూ నెత్తిన పెట్టుకున్న ఆదివాసీ స్త్రీలు కనిపిస్తారు. మోపు దించకుండానే జనంలోంచి దారి చేసుకుని మెట్లెక్కే వారి నేర్పు చూడదగ్గది.

దక్షిణంగా ఒడిశాలోని బాదాంపహాడ్‌కు వెళ్లే శాఖ మొదట గోరుమహిసాని గనుల ఖనిజం కోసం వేసినది. అడవిపల్లెలకు అదే బస్తీ దారి కూడా అయింది. ఆ వైపే రాయ్‌రంగ్‌పూర్ ఉంది, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఊరు. 2023 నవంబరులో బాదాంపహాడ్ నుంచి టాటానగర్‌కు మెముతో పాటు మరో రెండు బండ్లను ఆమె స్వయంగా ప్రారంభించారు.

తెలుగువారికి ఈ స్టేషన్ మరో రకంగా ముఖ్యం. ఉక్కు కర్మాగారంలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన కుటుంబాలు కదమా, సోనారిల్లో ఉన్నాయి. కదమాలో ఆంధ్రా అసోసియేషన్ బడి నడుస్తోంది. బిష్టుపూర్ రామమందిరం వాళ్లు కట్టుకున్నదే. పెళ్లికో పండక్కో సొంతూరికి బయల్దేరితే ఎర్నాకుళం ఎక్స్‌ప్రెస్ వారికి అనువైన బండి. రూర్కెలా, సంబల్‌పూర్, రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం తాకుతుంది. శ్రీకాకుళం వైపు వారు మాత్రం ఈ బండెక్కితే విజయనగరంలో మారాలి, లేదా ముందే ఖరగ్‌పూర్ వెళ్లి హౌరా–చెన్నై లైను అందుకోవచ్చు.